ఏడాది ఆగమన్నాను: టేకులపల్లి అడవిలో వాగు మిషన్ దగ్గరికి

ఖమ్మంలో నాది స్పీకర్లు, మోటారు సామాన్ల చిన్న దుకాణం. ఈ ప్రయాణం సరదాకు చేసింది కాదు. నిరుడు టేకులపల్లి అవతల అడవి గూడెం నుంచి కన్నయ్య అనే పెద్దాయన నా దగ్గరికి వచ్చాడు. వాళ్లకు కరెంటు స్తంభాలు లేవు. వాగు నీళ్లతో తిరిగే చిన్న మిషన్ ఉంది, దాంతో ఇంటికో బల్బు. లోపలికి నీళ్లు చేరి, కరెంటు పుట్టించే మాగ్నెట్లు తుప్పుపట్టి పొడి రాలుతున్నాయి. అవి రేర్ ఎర్త్ రకం, అరుదైన ఖనిజ మట్టితో చేసేవి, బొటనవేలంత ముక్కకు కూడా బోలెడు బలం. పాపం, డబ్బు చేత్తో పట్టుకునే వచ్చాడు. నేనే, "ఏడాది ఆగన్నా, చైనా సరుకు రేటు ఏటా దిగుతది, సగానికొస్తయ్" అన్నాను. సెల్‌ఫోన్లు, టార్చిలైట్లు అన్నీ అలాగే దిగాయి కదా! మంచి మాట చెప్పానని టీ తాగించి మరీ పంపాను. ఈ ఏడాది, 2010లో, చైనా వీటి ఎగుమతులు బిగించింది. నిరుడు మూడు ముక్కలు వచ్చే డబ్బుకు ఇప్పుడు ఒకటి రావడం లేదు. అందుకే పాత స్పీకర్ల నల్ల మాగ్నెట్లు విప్పి, సంచిలో వేసుకుని బయలుదేరాను. అవి చవకే, కానీ సైజుకు తగ్గ బలం ఉండదు.

ఉదయం ఆరున్నరకు ఖమ్మంలో ఇల్లందు బస్సు ఎక్కాను. ఇల్లందులో పూరీ తిని కొత్తగూడెం బస్సు మారితే తొమ్మిదిన్నరకు టేకులపల్లి. రెండు టికెట్లూ కలిపి నలభై లోపే. అక్కడి నుంచి షేరాటో, మనిషికి పదిహేను. "ఏంది సేటూ గింత బరువు, బంగారమా?" అన్నాడు డ్రైవరు. మాగ్నెట్లని చెప్పేసరికి, "అవ్, అయితే నా స్పీకరు కాడికెల్లి జల్దీ తియ్యి, పాటలు ఆగమైతయ్!" అని కసిరాడు. దారి అయిపోయిన చోట దిగి గంట నడవాలి. మంచినీళ్లు దొరకవు, మోసుకెళ్లాల్సిందే.

కన్నయ్య నా సంచి అందుకుని వాగు దగ్గరికి నడిచాడు. ఇద్దరం కూర్చుని మాగ్నెట్లు బోల్టులతో బిగించి, మధ్యాహ్నానికి నీళ్లు వదిలాం. మిషన్ తిరిగింది. చీకటిగా ఉన్న ఇంట్లోకి వెళ్లి చూస్తే బల్బులో తీగ మాత్రం ఎర్రగా కనిపిస్తోంది. "లైటా ఇది? చుట్ట కొసన నిప్పు నయం" అంది ఆయన భార్య ముత్తమ్మ. గుమ్మంలో నిలబడ్డవాళ్లు వాళ్ల భాషలో ఏదో అనుకుని నవ్వారు. కన్నయ్య తల దించుకున్నాడు.

బయటికి వస్తే, వాగు అవతలి గూడెంలో ఇళ్ల మీద సోలార్ పలకలు మెరుస్తున్నాయి. "మీకియ్యలేదా అక్కా?" అని ముత్తమ్మను అడిగాను.

"ఇస్తమనే సర్కారోళ్లు వచ్చిండ్రు. మనకు మిషనున్నది, సామాను వచ్చే ఏడు సగం ధరకే వస్తదట, ముందుగాల వాగవతలోళ్లకియ్యుండ్రి అని ఊరందరిని కూసోపెట్టి ఒప్పిచ్చిండు మీ అన్న. ఎవలు చెప్పిండ్రంటే ఖమ్మం సేటు చెప్పిండట! ఇడిసిపెట్టిన వంతు మళ్లెట్ల అడుగుతం? ఇప్పుడీయన నలుగురిల నోరు తెరిస్తే నవ్వుతున్రు."

కన్నయ్య నా వైపు తిరిగాడు. "సరే, ఇప్పుడు జెప్పు సేటూ. వచ్చే ఏడన్న రేటు దిగుతదా?"

తెలిసింది చెప్పాను. ఫోన్లకు, కొత్త కార్లకు, గాలిమరలకు అన్నింటికీ అవే కావాలి. ఆ ఖనిజ మట్టి వేరే దేశాల్లోనూ ఉంది గానీ, దాన్ని శుద్ధి చేసేది దాదాపు అంతా చైనాలోనే. బయట కొత్త గనులు నడవాలంటే ఏళ్లు పడుతుంది. అవి నడిచాక రేటు పడొచ్చు, ఈలోపు వాడకం ఇంకా పెరిగి పడకపోనూవచ్చు. "నాకు తెల్వదన్నా" అన్నాను చివరికి.

"గీ ముక్క ఆనాడే అంటే, ఆనాడే కొనుక్కపోతుంటి గద" అన్నాడు. గొంతు పెంచలేదు. ఆ తర్వాత అన్నం పెట్టించి, నాలుగింటి ఆఖరి ఆటో అందేలా దగ్గరుండి అడవి దారి దాటించాడు.

దుకాణంలో కూర్చుని రోజుకు పదిమందికి ఇలాంటి జోస్యాలు చెబుతాం. టౌనులో అయితే విన్నవాడు ఇంకో షాపులో అడిగి చూసుకుంటాడు. అక్కడ నా ఒక్క మాట పట్టుకుని ఒక గూడెం తన వంతు వదులుకుంది. ఆ వైపు సామాను పట్టుకెళ్లే వ్యాపారులకు ఒకటే సలహా: ఈ రోజు రేటు ఎంతో అంతే చెప్పండి, రేపటి రేటు అడిగితే తెలియదనండి, ఆ పూట బేరం పోయినా సరే.