గదికో చెయ్యి

మా ఓడకు వేరే యజమాని లేడు, గదులు కొనుక్కుని అందులోనే కాపురముంటున్న మేమే యజమానులం. అందుకే ఇంజను నూనె ధర పెరిగినా, పంపు చెడినా మా నెత్తికే చుట్టుకుంటుంది. ఆ దిగులు అందరికంటే ఎక్కువ పట్టుకున్నది వెర్నాకు. అమెరికాలో, డులూత్ అనే ఊళ్లో బడిపిల్లలకు వండిపెట్టి రిటైరైన మనిషి. ఆమె, భర్త ఓరిన్ ఇల్లమ్ముకుని గది కొన్నారు. నెలనెలా కట్టేది ఇంకాస్త పెరిగితే ఆ గదీ దక్కదు.

ఇక చూడండి ఆవిడ పోరు! నూనె మిగులుతుందని ఓడను నెమ్మదిగా నడిపించింది. రేవులో కట్టేస్తే అద్దె దండగని దూరంగా లంగరు వేయించి, మమ్మల్ని చిన్న పడవలో ఒడ్డుకు తోలింది. "రేపు మా చేతికి తెడ్లిస్తావేమో తల్లీ," అన్నాడు పక్కగది హాల్వర్. నాకూ ఒళ్లు మండేది. కానీ ఖర్చు తగ్గిన మాట నిజం. మా సమావేశాల్లో మొగుడెత్తినా పెళ్లామెత్తినా గదికి ఒక్క చెయ్యే, ఒక్క ఓటే లెక్క. ఎటూ తేల్చుకోలేనివాళ్లం వెర్నా వాళ్ల చెయ్యి చూసి ఎత్తేవాళ్లం.

వసంతంలో ఇంజను మరమ్మతు వచ్చిపడింది. ఆ ఖర్చు పూడ్చడానికి ఓడ డాక్టరును మాన్పించేద్దామన్నారు కొందరు. చలికాలంలో ఓరిన్‌కు గుండెనొప్పి వస్తే, ఒడ్డు కనబడని నడిసముద్రంలో బతికించింది ఆ డాక్టరమ్మే. ఆవిడ ఉంటే నెలనెలా కట్టేది పెరిగి గది పోతుంది, ఆవిడ వెళ్లిపోతే మొగుడికి దిక్కెవరు? వెర్నా రోజూ నా దగ్గరికొచ్చి కూర్చునేది, కాఫీ ముట్టేది కాదు.

సమావేశం రోజు భోజనాల హాల్లో అందరి కళ్లూ ఆమె మీదే. డాక్టరును మాన్పించాలనేవాళ్లను చేతులెత్తమన్నారు. వెర్నా చేతులు ఒళ్లోంచి కదల్లేదు. ఓరిన్ చెయ్యి లేచింది.

"దించు," అంది వెర్నా అతని మణికట్టు పట్టుకుని. "గది పోతే పోనీ. నాకు నువ్వుండాలి."

"ఈ వయసులో నిన్నెక్కడికని తీసుకుపోను?" అన్నాడతను.

బలవంతాన దించేసింది. అప్పటికే ఆ చెయ్యి చూసి హాలు హాలంతా ఎత్తేసింది, నాతో సహా. వెర్నా లేచి మళ్లీ అడగమని బతిమాలింది. ఖర్చు తగ్గిందన్న సంబరంలో ఎవరూ వినిపించుకోలేదు.

హాలిఫాక్స్ రేవులో డాక్టరమ్మ దిగిపోయింది. ఇప్పుడు ఓరిన్ కునుకు తీస్తున్నా వెర్నా అతని ఛాతీ మీద చెయ్యి వేసి కూర్చుంటుంది. ఎవరైనా ఖర్చు మాటెత్తితే లేచి వెళ్లిపోతుంది.