ఆఖరున రాసిందే నిలిచింది

మా దళం తాడేపల్లిగూడెం స్టేషన్లో దిగింది ఉదయం ఆరు పదికి. ముసురు. నలభై మంది, ఆరు రబ్బరు బోట్లు, మనిషికో లైఫ్ జాకెట్. నేను సైన్యంలో సిగ్నల్స్ హవల్దారుని. మాది పెంటపాడు. పదిహేడేళ్ల సర్వీసులో సొంత జిల్లాలో డ్యూటీ పడింది ఆ ఒక్కసారే. ట్రక్కుల్లో ఏలూరు దాటి కొల్లేరు అంచుకు చేరేసరికి తొమ్మిదిన్నర. రోడ్డెక్కడో, చేపల చెరువెక్కడో తెలియలేదు. అంతా ఒకటే నీరు.

నా చేతిలో ట్యాబ్ పెట్టారు. వరదలో చిక్కినవాళ్ల పేర్ల పక్కన ఎరుపు, శిబిరం చేరినవాళ్ల పక్కన పచ్చ. యాప్ రాసిన అమ్మాయి వట్లూరు నుంచి వచ్చింది. మోకాళ్ల దాకా తడిసి, నన్ను ఒక్కటే ప్రశ్న అడిగింది.

"సింక్ ఆటోమేటిక్ పెట్టమంటారా, మాన్యువల్ పెట్టమంటారా అండీ? ఆటోమేటిక్ అయితే సిగ్నల్ తగలగానే మీ లిస్టూ శిబిరం లిస్టూ కలిసిపోతాయండి. తేడా వస్తే ఆఖరున రాసిందే నిలుస్తుంది. మాన్యువల్ అయితే మీరు బటన్ నొక్కాలి. తేడా వస్తే రెండూ చూపించి, ఏది నిజమని మిమ్మల్నే అడుగుతుందండి. నన్నడిగితే మాన్యువలే మంచిదండి."

గొడుగు కింద నిలబడ్డ ఆఫీసరొకాయన విసుక్కున్నాడు. "వరదలో బటన్లు నొక్కుతూ కూర్చుంటారామ్మా? ఆటోమేటిక్ పెట్టెయ్."

ఆమె నా వైపు చూసింది. వైర్‌లెస్‌లో ప్రతి సందేశాన్నీ తిరిగి చదివించుకునే ఉద్యోగం నాది. అలాంటివాణ్ణి, "అదే పెట్టమ్మా" అన్నాను. ఆ ఆఫీసరు మీద నాకున్నది సగం కోపమే. మిగతా సగం నా మీద.

మధ్యాహ్నం రెండింటికి ఒక లంక ఊళ్లో ఒకావిడనూ ఇద్దరు పిల్లల్నీ బోటెక్కించాం. "మా ఆయన చెరువు గట్టు మీద కాపలా ఉన్నారండీ. పాకలో ఒక్కరే ఉన్నారు" అంది. అతని పేరు రాసి ఎరుపు పెట్టాను. అక్కడ సిగ్నల్ లేదు.

మూడున్నరకు శిబిరంలో ఆవిడను పేర్లడిగారు. రేషన్ షాపులో చెప్పే అలవాటు ప్రకారం ముందు ఇంటాయన పేరు, తర్వాత తనది, తర్వాత పిల్లలవి చెప్పింది. గుమాస్తా తలెత్తి లెక్కపెట్టలేదు. నలుగురికీ పచ్చ పెట్టాడు. ఆ తర్వాత మా ట్యాబ్‌కు సిగ్నల్ తగిలింది. ఎరుపు పోయింది. ఎవరినీ ఏమీ అడగలేదు.

మూడో రోజు ఉదయం ఎనిమిదికి ఆవిడే బోట్ల దగ్గరికి వచ్చింది.

"ఏవండీ, మా ఆయన్ని ఏ శిబిరంలో పెట్టారండీ?"

ట్యాబ్ చూశాను. పచ్చ. "మీతోనే ఉన్నట్టుంది కదమ్మా" అన్నాను. ఆ మాటన్న నోటిని ఇప్పటికీ తిట్టుకుంటాను.

"మాతో ఎక్కడున్నారండీ? మీకు ఆ రోజే చెప్పాను కదండీ."

రేడియో తీశాను. "బోటు నంబరు రెండు. చెరువు గట్టు మీద ఒక మనిషి. వెళ్తున్నాం. ఓవర్."

"లిస్టులో ఎవరూ లేరు. ఎందుకు వెళ్తున్నారు? ఓవర్" అంది కంట్రోల్ రూము.

"లిస్టు అబద్ధం. ఓవర్."

తొమ్మిది ఇరవైకి చేరాం. పాక కొట్టుకుపోయింది. చేపల మేత బస్తాల గుట్ట మీద కూర్చుని ఉన్నాడు. రేకు కోసిన కాలు వాచి నల్లబడింది. ఏలూరు ఆసుపత్రిలో మోకాలి కింద తీసేశారు. ఒక్కరోజు ముందు తెస్తే కాలు దక్కేదని డాక్టరు నా ముఖం మీదే చెప్పాడు.

వారం తర్వాత తిరుగు ప్రయాణం. ఆఫీసు రిపోర్టులో 'సాంకేతిక లోపం' అని రాశారు. ఒళ్లు మండింది. యంత్రం చెప్పినట్టే చేసింది. చెప్పింది మేము. ఆ ముక్క కొట్టేసి, 'హవల్దారు ఆటోమేటిక్ పెట్టమన్నాడు' అని రాశాను. దాన్ని మళ్లీ కొట్టేశారు.

ఇప్పుడు రిటైరై ఊళ్లోనే ఉంటున్నాను. మరిచిపొమ్మంటారు ఇంట్లో. ఎలా మరిచిపోను? బోటులోకి ఎత్తుతుంటే అతనన్నాడు: "నిన్న మీరు చెయ్యి ఊపారు కదండీ. వస్తారులే అనుకున్నానండి."

నిజమే. ముందురోజు పదకొండుకు, రెండు వందల గజాల అవతల, గట్టు మీద ఒక మనిషి తువ్వాలు ఊపాడు. "ఎవరు సార్?" అన్నాడు బోటు నడిపే సిపాయి. ట్యాబ్ చూశాను. ఆ గట్టు మీద ఎవరూ మిగల్లేదని చూపించింది. చేపల్ని వదిలి రామని మొండికేసిన కాపలావాళ్లు ఆ రెండు రోజుల్లో చాలామందే తగిలారు. వాళ్లలో ఒకడు పలకరిస్తున్నాడనుకున్నాను. నవ్వుతూ చెయ్యి ఊపి, బోటు తిప్పమన్నాను. అతను ఇంకా ఊపుతూనే ఉన్నాడు.