తడిగుడ్డ మాట చెప్పని బుధవారం

చీపురుపల్లి స్టేషన్ రోడ్డులో, ఒక ఫాస్ట్‌ఫుడ్ సెంటర్ ముందు నా మీదికి సాస్ సీసా విసిరినవాడికి చిన్నప్పుడు టీకాలన్నీ వేసింది నేనే. వాడి ఎడమ భుజం మీదున్న మచ్చ నా చేతి పనే. ఆ సంగతి వాడికీ తెలుసు. అందుకే తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

నేను ఏఎన్‌ఎమ్‌ని. మా పల్లెల్లో నర్సమ్మ అంటారు. ప్రతి బుధవారం అంగన్‌వాడీ గదిలో ఐసు డబ్బా పక్కన పెట్టుకుని పిల్లలకు సూదులు వేస్తాను. ఒకే ఊళ్ళో ఇన్నేళ్ళు ఉండిపోవడం వల్ల నా దగ్గర ఏడ్చిన పిల్లలే ఇప్పుడు పిల్లల్ని ఎత్తుకుని వస్తున్నారు. వాడు కూడా అలాంటివాడే. పెళ్ళయ్యాక మొదటి కాన్పు ఆడపిల్ల. నెలన్నర నిండాక ఒక బుధవారం వాడి తల్లి ఆ మనవరాలిని తెచ్చి తొలి సూది వేయించుకుని వెళ్ళింది.

ఆ తర్వాత వచ్చిన ఆదివారం విజయనగరం హాస్టల్ నుంచి మా అమ్మాయి వచ్చింది. గోబీ మంచూరియా తినాలంటే స్టేషన్ రోడ్డు కొట్టుకి తీసుకెళ్ళాను. నాకు ఆ కొట్లంటే గిట్టదు. తిండి వల్ల కాదు, తినేవాళ్ళ వల్ల. రామతీర్థంలో దర్శనానికి గంటల తరబడి వరసలో నోరు మెదపకుండా నిలబడే మనిషి, ఇక్కడ పది నిమిషాలు ఆగలేడు. "మాదేటయినాది" అని బల్ల గుద్దుతాడు. ఒకడు కుర్చీని కాలితో లాగుతాడు. ఇంకొకడు పొయ్యి దగ్గరికే వెళ్ళి బాండీలోకి తల పెడతాడు. తిన్న ప్లేట్లోనే చెయ్యి కడిగి, ఆ నీళ్ళు పక్కవాడి చెప్పుల మీద చల్లి, కనీసం వెనక్కి తిరిగి చూడడు. ఆ వంటాయన అందర్నీ భరిస్తాడు. ఎంత రద్దీ ఉన్నా ఒక్కొక్కళ్ళనీ "కారం తక్కువ ఎయ్యాలా, ఎక్కువ ఎయ్యాలా" అని అడిగాకే గరిటె తిప్పుతాడు.

ఇంకో సంగతి కూడా నన్ను పొడుస్తూ ఉంటుంది. ఆ మంచూరియాకి అంత ఎరుపు ఎక్కడిదని ఒక్కడూ అడగడు. నా ఐసు డబ్బాలో ఏముందో మాత్రం ప్రతివాడికీ అనుమానమే. కరోనా నాటి నుంచీ ఇది మరీ ముదిరింది. ఎవడో ఎక్కడో పోతే టీకా వల్లే పోయాడని ఫోన్లో వస్తుంది. అది చదివినవాడు నా దగ్గరికొచ్చి, ఇందులో ఏం కలుపుతున్నారు నర్సమ్మా, ఎవరి మీద పరీక్ష చేస్తున్నారు అని నిలదీస్తాడు. రోడ్డు మీద మురిక్కాలవ పక్కన నిలబడి తినే నోటితోనే అడుగుతాడు.

మా ప్లేట్లు అప్పుడే వచ్చాయి. వెనక నుంచి వాడి గొంతు వినిపించింది.

"ఏటే నర్సమ్మా, మా గుంట తొడ కుళ్ళబెట్టీసి, నువ్వు ఇక్కడ కూకుని మంచూరియా తింతన్నావేటి?"

ఇంకో ముగ్గురున్నారు వాడి వెంట. నలుగురి దగ్గరా తాగిన వాసన. నా కూతురి ముందు వాడు నన్ను ఏటే అన్నాడు.

"ఒరే, ముందు గొంతు తగ్గించు. ఏటయినాదో సెప్పు" అన్నాను.

ఫోన్ తీసి నా మొహం మీద పెట్టాడు. వాడి పసికూతురి తొడ. రూపాయి బిళ్ళంత మేర తోలు ఊడిపోయి ఎర్రగా ఉంది, అంచున నీటి బొబ్బ. అది సూది వల్ల వచ్చింది కాదని చూడగానే తెలిసిపోయింది.

"ఇది సూదిది కాదురా. కాలిన బొబ్బ. ఎవులు కాల్సినారు దీన్ని?"

ఆ మాట అలా అనకూడదు. పదిమందిలో అసలే అనకూడదు. కానీ అనేశాను.

"అంటే మాయమ్మ కాల్సీసిందంతావా?" అని బల్ల మీది సాస్ సీసా తీసి విసిరాడు. మూత ఊడి సాసంతా నా భుజం నుంచి ఒళ్ళోకి కారింది. వాడి వెంట వచ్చినవాడొకడు కుర్చీని తన్నాడు, అది మా బల్లకి తగిలి మా అమ్మాయి ప్లేటు కింద పడింది. పిల్ల బిక్కచచ్చిపోయింది. వంటాయన గరిటె పట్టుకుని "బయటికెల్లి సూసుకోండి బావా" అని బతిమాలుతున్నాడు. చుట్టూ ఫోన్లు లేచాయి. వాడిని ఆపడానికి మాత్రం ఒక్క చెయ్యి లేవలేదు. ఆ జనంలో నేను సూది వేసిన మొహాలు ఇంకా ఉన్నాయి.

మర్నాటికి ఆ వీడియో ఊరూరూ తిరిగింది. బొబ్బ ఫొటో ఉంది, సాస్ కారుతున్న నేను ఉన్నాను. కాలిన బొబ్బ అని నేనన్న ముక్క లేదు. సీసా విసిరిన ముక్క కూడా లేదు.

బుధవారం పొద్దున్న అంగన్‌వాడీలో డబ్బా తెరిచి కూర్చున్నాను. జాబితాలో పద్నాలుగు మంది పిల్లలున్నారు. ఒక్కరూ రాలేదు. ఎండెక్కేదాకా చూసి, మూత తియ్యని మందు సీసాలు తీసుకుని వెనక్కి పోయాను. ఈ సూది ఆపే కోరింత దగ్గు పట్టిన పసిబిడ్డని నేను చూశాను. దగ్గి దగ్గి మొహం నీలంగా మారిపోతుంది, ఊపిరి లోపలికి తీసుకోలేదు. ఆ దగ్గు ఈ పల్లెల్లో మళ్ళీ వినాల్సి వస్తుందేమోనన్నదే నా భయం. వాడి కూతురికి రెండో సూది గడువు ఇంకో మూడు వారాల్లో ఉంది.

గురువారం వాడింటికి బయల్దేరాను. పోలీసులకి ఇవ్వాల్సిన ఫిర్యాదు రాసి బ్యాగులో పెట్టుకున్నాను. వాడిని నాలుగు కడిగేసి, బిడ్డ కాలు చూసి, అటు నుంచి అటే స్టేషనుకి పోదామనుకున్నాను.

వాడు అరుగు మీదే ఉన్నాడు. నన్ను చూసి లేచి పక్కకి జరిగాడు. వాళ్ళమ్మ బిడ్డని ఒళ్ళో వేసుకుని లోపల గుమ్మం పక్కన కూచుంది. చిన్నాసుపత్రిలో రాసిచ్చిన మలాం పూస్తున్నారట. పుండు ఎండుతోంది. నేను వేలు పెట్టబోతే బిడ్డ కాలు ముడుచుకుని గుక్క పట్టింది.

"ఏటెట్టినావు దీనికి?" అని అడిగాను. అప్పటికి నా గొంతులో మర్యాద లేదు.

ఆవిడ దాచలేదు. "సూదేసిన కాడ గట్టిగా వాసిపోనాదమ్మా. ఉప్పు ఏపి, గుడ్డలో మూటగట్టి కాపడం ఎట్టినాను. మోకాలు నొప్పికి మేవెట్టుకోమా?"

"ఆరు వారాల పిల్ల తోలు, నీ మోకాలు ఒకటేనా? సూది వాపుకి కాపడం ఎట్టకూడదని నీకు తెలీదా?"

"తెలుసమ్మా" అంది ఆవిడ. "ఈడి సిన్నప్పుడు నువ్వే సెప్పినావు, తడిగుడ్డెయ్యమని. ఇంటికొచ్చి మరీ సెప్పినావు. ఈసారి ఏటీ సెప్పనేదు. ఇది కొత్త సూది గావాల, దీనికి తడిగుడ్డ పనికిరాదేమో, సెప్పనేదంటే మన కాపడమే సాలనుకున్నాను."

ప్రతి తల్లికీ చెప్పి తీరాల్సిన నాలుగు మాటలున్నాయి. ఇది దేనికి వేసిన సూది. దీనివల్ల ఏం రావచ్చు. వస్తే ఏం చెయ్యాలి. మళ్ళీ ఎప్పుడు రావాలి. అరనిమిషం పట్టదు. ఇన్నేళ్ళలో నిద్రలో లేపినా చెప్పేదాన్ని. ఆ బుధవారం మాత్రం నా చేతిలో ట్యాబ్ ఉంది. వేసిన ప్రతి సూదీ అందులో ఎక్కించాలి, అది తిరుగుతూ తిరుగుతూ ఆగిపోయింది, పైనుంచి ఎంతవరకూ వచ్చిందని ఫోన్ల మీద ఫోన్లు. ఆవిడ బిడ్డని భుజాన వేసుకుని కాసేపు నా ఎదుటే నిలబడింది. నేనేదో చెప్తానని ఆగిందని ఇప్పుడు తెలుస్తోంది. నేను తలెత్తకుండానే "అయిపోయింది, ఎల్లు" అన్నాను.

ఆ ట్యాబ్ మీద, ఆ ఫోన్ చేసినవాళ్ళ మీద నాకున్న కోపం ఇంతా అంతా కాదు. కానీ అరుగు మీద నిలబడినప్పుడు వచ్చిన కోపం వాళ్ళ మీద కాదు. ఇన్నాళ్ళూ డబ్బాలో ఏముందని అడిగినవాళ్ళందర్నీ తిట్టుకున్నాను. అడగకుండా నమ్మి నిలబడిన ముసలమ్మకి చెప్పాల్సింది చెప్పలేదు. రోడ్డు పక్కన గరిటె తిప్పే మనిషికున్న పాటి ఓపిక నాకు లేకపోయింది.

వాడి వైపు తిరిగాను. "ఫోన్ తియ్యి. రికార్డు సెయ్యి" అన్నాను. వాడు అనుమానంగానే తీశాడు.

"ఈ బిడ్డకి నేను వేసిన సూది మంచిదే. వాపు, జ్వరం రావడం మామూలే. తడిగుడ్డ వెయ్యాలి, వేడి కాపడం పెట్టకూడదు. ఈ మాట ఆ రోజు నేను చెప్పలేదు. బిడ్డ కాలు కాలడంలో తప్పు నాది, వాళ్ళ నాయనమ్మది కాదు" అన్నాను. వాళ్ళమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మొదటిది ఎక్కడెక్కడికి పంపినావో, ఇదీ అక్కడికే పంపు. ముక్క కొయ్యకుండా పంపు" అన్నాను.

పంపాడు. దాని మీద పైనుంచి నన్ను సంజాయిషీ అడిగారు, రాసిచ్చాను. ఫిర్యాదు కాగితం మాత్రం ఇంకా బ్యాగులోనే ఉంది. వాడి మీద నాకు కోపం పోలేదు. నా తప్పు నేను ఊరందరికీ చెప్పాను, వాడి తప్పు వాడు నా ఒక్కదానికైనా చెప్పలేదు. చీర మీద మరక ఎన్ని ఉతుకులు ఉతికినా అలాగే ఉంది. మా అమ్మాయి ఆ రోడ్డు వైపే రానంటుంది.

తర్వాతి బుధవారం ఐదుగురు వచ్చారు. ఆ పై బుధవారం తొమ్మిది మంది, వాడి బిడ్డ గడువు బుధవారానికి పదకొండు మంది. ట్యాబ్‌ని సంచిలో పడేసి, ఒక్కొక్క తల్లినీ కూచోబెట్టి నాలుగు మాటలూ చెప్పాను. ఎక్కించడం ఆలస్యమైందని ఫోన్ మోగుతూనే ఉంది, మోగనిచ్చాను.

ఆఖరున వాళ్ళమ్మ వచ్చింది బిడ్డతో. వాడు బయట బండి మీదే కూచున్నాడు, లోపలికి రాలేదు. నేను అలవాటుగా బిడ్డ ఎడమ కాలి మీది గుడ్డ తియ్యబోయాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఆపి, బిడ్డని మెల్లిగా రెండో పక్కకి తిప్పింది.

"ఈ కాలికెయ్యమ్మా" అంది. "ఆ కాలు ఎవుల్నీ ముట్టుకోనీదు."