స్లౌ ఫ్లాట్‌లో మండ్రగబ్బ

ఇంగ్లీషువాళ్ల దేశంలో, ఈ స్లౌ ఊళ్లో, మా అమ్మాయి సెకండరీ స్కూల్లో చేరిన ఏడాది, పెంచుకోవడానికి ఏదైనా ప్రాణి కావాలని పట్టుబట్టింది. పిల్లి, కుక్క బొచ్చు తగిలితే దానికి ఆయాసం. చేపలు బోర్ అంది. ఒక సాయంత్రం స్కూలు నుంచి వచ్చి, కోటు కూడా విప్పకుండా, తేలు కావాలంది.

నేను నల్లగొండ దగ్గరి పల్లెలో పెరిగినదాన్ని. చిన్నప్పుడు పిడకల గూట్లో చెయ్యి పెట్టి తేలు కుట్టించుకుని, భుజం దాకా మంటెక్కి ఏడ్చినదాన్ని. వద్దన్నాను. అది అలగలేదు. లైబ్రరీ నుంచి పుస్తకాలు తెచ్చి, నేను వంట చేస్తుంటే పక్కన నిలబడి చదివి వినిపించేది. చివరికి మా ఆయనే, "చూసొద్దాం పా, చూస్తే ఏం పోతది" అన్నాడు.

బల్లులూ పాములూ అమ్మే ఆ షాపు లోపల వెచ్చగా ఉంది. ఒక గాజుపెట్టెలో ఇసుక రంగు తేలు, పక్క పెట్టెలో నల్లటి పెద్దది. మా ఊళ్లో మండ్రగబ్బ అంటామే, అచ్చం అలాంటిదే. పీత డెక్కల్లాంటి లావాటి చేతులు. నేను ఇసుక రంగుదాని వైపు జరిగాను.

"తీసుకుంటే గా చిన్నదే తీసుకుందాం" అన్నాను.

"నో మమ్, అది ఫాస్ట్, వెరీ గ్రంపీ" అంది. డెక్కలు పెద్దగా ఉన్నది వాటితోనే పని కానిచ్చుకుంటుందట, కుట్టడం తక్కువట, మొదటిసారి పెంచేవాళ్లకు నల్లదే మేలట. షాపులోని అమ్మాయి అవునన్నట్టు తల ఊపింది. ఇంకా పూర్తిగా ఎదగని ఒక నల్ల తేలు బెరడు కింద దాక్కుని ఉంటే మా అమ్మాయి దాన్నే ఎంచుకుంది. "ఇట్స్ షై, లైక్ మీ."

ఆ చలికాలమే మా అమ్మ మా దగ్గరికి వచ్చింది. హాల్లో గాజుపెట్టె చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. "ఇంట్ల తేలును సాదుడేంది బిడ్డా! కనవడితే చెప్పుతోటి కొట్టాలె గని!"

మేం ఆఫీసులకు, పిల్ల స్కూలుకు వెళ్లాక అమ్మ ఒక్కతే ఉండేది. బయట ముసురు. ఏం తోచక ఆ పెట్టె ముందే కుర్చీ వేసుకునేది. కొన్నాళ్లకు మట్టి ఆరకుండా నీళ్లు చల్లే పని తనే తీసుకుంది. "ఏం రా, ఇంకా లేవలేదా?" అని దాన్ని పలకరించడం నేను చెవులారా విన్నాను. నాలుగింటికే చీకటి పడే రోజులవి. మనవరాలు రాగానే ఇద్దరూ కర్టెన్లు మూసి, నీలం అల్ట్రావయొలెట్ టార్చి వేసి, ఆ వెలుగులో తేలు ఆకుపచ్చగా మెరవడం చూసేవాళ్లు.

ఒక పొద్దున అమ్మ కేక పెట్టింది. "సచ్చిపోయింది బిడ్డా! నీళ్లు ఎక్కువ పోసి నేనే సంపిన్నో ఏందో!" పరుగెత్తాం. తేలు కదలకుండా పడి ఉంది. మా అమ్మాయి మోకాళ్ల మీద కూర్చుని పెట్టెలోకి తొంగి చూసి, అమ్మమ్మ చెయ్యి పట్టుకుంది. "అమ్మమ్మా, నాట్ డెడ్. అది... అంగీ. పాత అంగీ ఇడిసింది." బెరడు పక్కన పాలిపోయిన రంగులో, మెత్తగా, అసలు తేలు నక్కి ఉంది. అమ్మ కళ్లు తుడుచుకుని నవ్వింది. ఆ తెలుగు పిల్లకు ఎప్పుడు వచ్చిందో నాకు తెలియదు.

వేసవి రాకముందే అమ్మ ఊరికి వెళ్లిపోయింది. వీడియో కాల్‌లో మా క్షేమం కంటే ముందు తేలు తిన్నదా లేదా అని అడిగేది. ఫోను పెట్టె దగ్గరికి తీసుకెళ్లి చూపించాల్సిందే.

పిల్ల ఎ లెవెల్స్, అంటే మన ఇంటర్ లాంటిది, చదువుతుండగా ఆ తేలు చనిపోయింది. ఆ సంగతి అమ్మమ్మకు తనే చెబుతానంది. ఫోన్ చేసి చెప్పేసింది. అంతా విన్నాక అమ్మ, "మంచిగనే సూస్కున్నం తియ్యి. ఏడ్వకు బిడ్డా, పోయి బువ్వ తిను" అంది.

ఇప్పుడు అమ్మాయి యూనివర్సిటీలో ఉంది. నాతో ఫోన్‌లో మాట్లాడేదంతా ఇంగ్లీషే. అమ్మమ్మతో మాత్రం తడుముకుంటూనే అయినా నల్లగొండ తెలుగే మాట్లాడుతుంది. సెలవుల్లో ఇంటికొచ్చినప్పుడు ఆ మాటలు గోడ అవతల నుంచి వినబడితే, చేస్తున్న పని ఆపి అలాగే నిలబడిపోతాను.