నాన్నమ్మలా దిగిన విమానం

నా చిన్నప్పుడు, ఫరీదాబాద్‌లో, మా భోజనాల బల్ల దగ్గర కూర్చుని అన్నం తిన్న రోజులు తక్కువ. దాని మీద ఎప్పుడూ మా బాబాయి విమానం రెక్కలు చాపుకుని ఉండేది. ఫ్యాక్టరీ నుంచి రాగానే ఆయన జిగురు, గరుకు కాగితం పట్టుకుని దాని ముందు కూర్చునేవాడు. సరుకులు మోసే పాతకాలపు విమానానికి అచ్చమైన నమూనా అది, రిమోట్‌తో ఎగిరేది. చలికాలం పోటీలో దాన్ని ఎగరేసి కప్పు కొట్టాలని ఆయన ఆశ.

నా బాధ వేరు. మా విమానం గాలిలో పల్టీలు కొడుతుందని కింది వాటాలో ఉండే నా స్నేహితురాలికి గొప్పలు చెప్పేశాను. ఇక నా పరువు ఆ పల్టీ మీదే ఉంది. "బాబాయ్, ఏక్ లూప్ తో మారో నా!" అని ఆ ఒక్క పల్టీ కోసం రోజూ ఆయన ప్రాణం తీసేదాన్ని.

ఒక సాయంత్రం ఆయన నన్ను నాన్నమ్మలా నడిచి చూపించమన్నాడు. అదెంత పని! మోకాలి మీద చెయ్యి వేసి, మూలిగి, గోడ పట్టుకుని లేచి నాలుగడుగులు వేసి, మళ్ళీ మోకాలి మీద చెయ్యి వేసి మెల్లగా కూర్చున్నాను. నాన్నమ్మే పడీపడీ నవ్వింది. అట్లాగే నడుస్తూ ఒక పల్టీ కొట్టమన్నాడు. కొట్టాను.

"ఇందాక మా అమ్మ కనపడింది. ఇప్పుడు కోతి కనపడిందే! అసలుదానిలా ఉందా లేదా, జడ్జీలు చూసేది అదే. బస్తాలు మోసే విమానం పల్టీ కొడితే ఎవరు నమ్ముతారు?" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది.

పోటీ రోజు ముందుగా ఎవరిదో యుద్ధవిమానం గిరికీలు కొట్టింది. జనం ఈలలు వేశారు. తరువాత మాది బరువుగా లేచి, తీరిగ్గా మలుపు తిరిగింది. పల్టీ కొట్టమని జనం అరిచారు. బాబాయి చెవిన వేసుకోలేదు. నా స్నేహితురాలు మూతి తిప్పుకుంది. నాకు ఏడుపొచ్చింది.

విమానం దిగసాగింది. ముందు చక్రాలు రెండూ నేలను తాకాయి. తోక మాత్రం కాసేపు పైనే ఉండి, తొందరేమీ లేనట్టు నెమ్మదిగా కూర్చుంది. నా పక్కన శాలువా కప్పుకుని కూర్చున్న నాన్నమ్మ, "ఒరేయ్, నా కీళ్ళనొప్పులు దానికెప్పుడు అంటించావురా?" అని గట్టిగా అరిచింది. "అరే, బిల్కుల్ అస్లీ!" అచ్చం నిజం విమానమే అంటూ నా స్నేహితురాలు చప్పట్లు కొట్టింది. కప్పు బాబాయికే వచ్చింది, నా పరువూ దక్కింది.

ఎవరి నడక వాళ్ళు నడిస్తేనే అందమని ఆ రోజే నా మనసుకెక్కింది. ఇప్పుడు నాన్నమ్మ లేదు. ఉద్యోగం పని మీద నేను తరచూ విమానం ఎక్కుతుంటాను. అది నేలకు దిగే వేళకు నా చెయ్యి దానంతట అదే మోకాలి మీదకు పోతుంది. పక్క సీటువాళ్ళు భయమనుకుంటారు. నేను నాన్నమ్మను కూర్చోబెడుతున్నానని వాళ్ళకేం తెలుసు.