మా చెల్లెలి ఎనభై మూడు

డిగ్రీలో విద్యా మనస్తత్వశాస్త్రం చదివానని చెబితే, ఇప్పటికీ కొందరు నా ముందు కాస్త సర్దుకుని కూర్చుంటారు. మనసులో ఉన్నదంతా చదివేస్తానని వాళ్ల భయం. ఆ భయాన్ని నేనూ పోగొట్టను. అసలు సంగతేమిటంటే, మెయిను సబ్జెక్టుగా చరిత్ర దొరికింది, మైనరుగా అర్థశాస్త్రం అడిగాను. వరుసలో నా ముందు నిలబడ్డవాడితో అర్థశాస్త్రం సీట్లు నిండిపోయాయి. గుమాస్తా తలెత్తకుండానే, "సైకాలజీ ఖాళీగా ఉంది, రాసుకోమంటావా?" అన్నాడు. రాసుకోమన్నాను.

ఆంధ్రరాష్ట్రం వచ్చి కొద్దికాలమే అయింది. ఆ శాస్త్రం కూడా మా కాలేజీకి కొత్తే. మా లెక్చరరు గారికి అందరికంటే కొత్త. ఆయన పుస్తకం చూసి చెప్పేవారు, మేము ఆయన్ను చూసి రాసుకునేవాళ్లం. మొదటి ఏడాది గడిచేసరికి నాకు ప్రపంచంలో మామూలు మనిషి ఒక్కడూ కనపడకుండా పోయాడు. హాస్టలు వంటాయనకు న్యూనతాభావం, వార్డెనుకు అహంభావం, ఎవరికైనా ఏమీ లేదనిపిస్తే అణచివేత. నాకేముందో మాత్రం ఎప్పుడూ ఆలోచించలేదు.

వేసవి సెలవులకు ఇంటికి వెళ్లేముందు లెక్చరరు గారు ఒక పని అప్పగించారు. చదువులో వెనకబడిన పిల్లనో పిల్లవాణ్ణో ఎంచుకుని, ప్రజ్ఞాపరీక్ష పెట్టి, ఫలితం లెక్కగట్టి, సలహాతో సహా రికార్డు రాసి తేవాలి. పరీక్ష తెలుగులో జరుగుతుంది కాబట్టి రికార్డు కూడా తెలుగులోనే ఉండవచ్చన్నారు. కొత్త రాష్ట్రం ఉత్సాహం ఆయనలో ఆ మేరకు పనిచేసింది.

మా నాయన అప్పుడు జమ్మలమడుగు తాలూకాఫీసులో గుమాస్తా. అంతకుముందు పులివెందులలో ఉండేవాళ్లం. ఆయన దృష్టిలో లోకంలో రెండే రకాల సంగతులు: రిజిస్టరులో ఎక్కినవి, ఎక్కనివి. రెండో రకాన్ని ఆయన లెక్కలోకి తీసుకునేవాడు కాదు. బయట వాన పడుతున్నా, ఆఫీసు వర్షపాతం పుస్తకంలో రాసేదాకా గొడుగు తెరవడని మా అమ్మ ఎగతాళి చేసేది.

నేను వెళ్లేసరికి ఇంట్లో ఒక పెద్ద విషయం నడుస్తోంది. మా చెల్లెలికి ఐదో తరగతి అయిపోయింది. ఆపైన చదవాలంటే ప్రొద్దుటూరులో మా పిన్నమ్మ ఇంట్లో ఉండి ఆడపిల్లల హైస్కూలుకు పోవాలి. మగపిల్లలతో కలిపి కూర్చోబెట్టడం నాయనకు ఇష్టం లేదు. మా అమ్మ ఏడాదిగా పోరి పోరి ఆయన చేత "చూద్దాంలే" అనిపించింది. మా నాయన నోట "చూద్దాంలే" రావడమంటే సగం పని అయినట్టే. పిన్నమ్మ నీలంగుడ్డతో పుస్తకాల సంచి కుట్టి పంపింది. చెల్లెలు దాన్ని తలకింద పెట్టుకుని పడుకునేది.

వెనకబడిన పిల్లను వెతుక్కుంటూ ఎండలో ఊరంతా తిరగడమెందుకని, దాన్నే పరీక్షకు కూర్చోబెట్టాను. నేను చేసిన మొదటి తప్పు అదే.

వసారాలో చాప పరిచి, పక్కింటి టైంపీసు అరువు తెచ్చి ముందు పెట్టుకున్నాను. ఇంగ్లీషు నుంచి ఎవరో తెలుగు చేసిన ప్రశ్నలు. మొదట ఇంటి బొమ్మ చూపించి, ఇందులో ఏం లేదో చెప్పమన్నాను. పొగగొట్టం లేదని చెప్పాలి.

"అరుగు లేదన్నా" అంది.

సున్నా వేశాను. ఎక్కాల్సిన రైలు తప్పిపోతే ఏం చేస్తావని అడిగాను.

"మనూరికి రైలు యాడుంది?"

"ఉందనుకో."

"యాడికి పోయేదానికి?"

"యాడికో ఒకచోటికి. ఊరికే ప్రశ్నలేయొద్దు, జవాబు చెప్పు."

"యాడికి పోతాండామో తెలీకుండా రైలెందుకెక్కల్లన్నా?"

జవాబు పత్రంలో "తరువాతి రైలు కొరకు వేచి ఉండుట" అని ఉంది. మళ్లీ సున్నా. లెక్కలు, అంకెలు తిరగేసి చెప్పడం, మాటలు గుర్తుపెట్టుకోవడం వంటివి టైంపీసు ముల్లు కదిలే లోపే చెప్పేసింది. మొత్తానికి మానసిక వయస్సు పదేళ్లని తేలింది. ఇక దాన్ని అసలు వయస్సుతో భాగించి నూరుతో హెచ్చించాలి. స్కూలు సర్టిఫికెట్టు తీశాను. పన్నెండు నిండాయని ఉంది.

కందులు చెరుగుతున్న మా అమ్మ చేట ఆపింది. "పన్నెండేందిరా? దానికి మొన్ననే పది నిండె. నేను కన్న బిడ్డ, నాకు తెలీదా ఏంది?"

"శాస్త్రానికి సాక్ష్యం కావల్లమ్మా."

"నేనే సాక్ష్యం కదరా!"

"సర్టిఫికెట్టు ఒకటి చెప్తాంటే నీ మాట యాడ చెల్లుతాది?"

ఆ మాట అన్నది నేను. ఏడాది పాటు మనస్తత్వశాస్త్రం చదివినవాణ్ణి. తాలూకాఫీసు గుమాస్తా కొడుకునని ఎవరికైనా అనుమానం ఉంటే ఆ రోజుతో తీరిపోయి ఉండాలి. పదిని పన్నెండుతో భాగించాను. ఎనభై మూడు వచ్చింది. పుస్తకంలో పట్టిక చూశాను. ఎనభై మూడుకు ఎదురుగా "మందబుద్ధి" అని ఉంది.

సాయంత్రం నాయన ఆఫీసు నుంచి వచ్చి కాళ్లు కడుక్కుని కాగితం చూశాడు.

"ఎనభై మూడా? ఫరవాలేదే! నాకెప్పుడూ అరవై దాటలేదు. పోనీలే, పొద్దుటూరుకు పోయి చదువుకోనీ."

చెల్లెలు తలుపు పక్కనే ఉంది. అక్కడితో నోరు మూసుకుని ఉంటే అందరం సుఖంగా అన్నం తిని ఉండేవాళ్లం. కానీ కొత్తగా చదువుకున్నవాడికి తన శాస్త్రాన్ని తప్పుగా అర్థం చేసుకుంటుంటే ఒళ్లు మండుతుంది.

"ఇవి మార్కులు కాదు నాయనా" అని మొదలుపెట్టి, పట్టిక చూపించి, విడమరిచి చెప్పాను. మందబుద్ధి అన్న మాట కింద వేలు కూడా పెట్టాను.

నాయన అద్దాలు తీసి తుడుచుకున్నాడు. "యూనివర్సిటీ వాళ్లు అచ్చేసినారా ఇది?"

"అవును."

"అయితే ఇంకేముండాది? అచ్చులో ఉన్నంక మనం కాదంటే అయితాదా?" అని కాగితం మడిచి ఇచ్చేశాడు. "చూద్దాంలే" అనే మాట ఆ తర్వాత ఆయన నోట రాలేదు.

మర్నాడు మా అమ్మ నీలం సంచిలో కందిపప్పు పోసి వంటింట్లో మేకుకు తగిలించింది. నాతో మాట్లాడటం మానేసింది. చెల్లెలు మాత్రం మామూలుగానే మాట్లాడుతుండేది. అదే నాకు ఎక్కువ కష్టంగా ఉండేది.

రికార్డును సిరాతో శుభ్రంగా రాయాలి. నా దస్తూరి నాకే అర్థం కాదు. చెల్లెలిది ముత్యాల దస్తూరి. మందబుద్ధి గల బాలిక మీద రికార్డును ఆ బాలిక చేతే రాయించడానికి నాకు అప్పట్లో ఏ సంకోచమూ కలగలేదు. మూడు మధ్యాహ్నాలు కూర్చుని రాసింది. చివరి పేజీలో నా సలహా ఉంది: "ఈ బాలికకు ఉన్నత విద్య భారమగును. గృహకృత్యములందు శిక్షణ ఇప్పించుట మేలు." అదీ రాసింది. ఒక్క అక్షరం వంకర పోలేదు, ఒక్క చుక్క సిరా ఒలకలేదు. రాసి, అద్దుడు కాగితం అద్ది, కలం మూత పెట్టి, అప్పుడు అంది:

"అన్నా, పదితో భాగిస్తే నూరు వస్తాది కదా?"

"పదితో ఎందుకు భాగించల్ల?"

"అమ్మ చెప్పింది పదే కదా. పులివెందుల బళ్లో నా చెయ్యి లాగి చెవి పట్టించింది నువ్వేనంట కదన్నా. అమ్మ చెప్పె."

నాకు ఒక్కసారిగా గుర్తొచ్చింది. పులివెందులలో మా వీధి బడికి హాజరు చాలక, తనిఖీ వస్తే మూసేస్తారని అయ్యవారికి దిగులు. ఎవరు దొరికినా చేర్చుకుని, మరీ చిన్నవాళ్లను రెండేళ్లు శిశుతరగతిలో కూర్చోబెట్టేవాడు. పుట్టినరోజు కాగితాలు ఎవరికుండేవి? కుడిచెయ్యి తల మీదుగా పోయి ఎడమచెవి అందుకుంటే ఐదేళ్లు నిండినట్టు. చెల్లెలికి మూడు నిండి కొన్నాళ్లయింది. దాన్ని రోజంతా చంకనేసుకుని తిరగడం నా పని. నాకు ఆడుకోవడానికి తీరిక లేకుండా పోయింది. బడికి తీసుకుపోయి, దాని తల ఒక పక్కకు వంచి, చెయ్యి పట్టి లాగి చెవికి తగిలించాను. అది ఏడ్చింది. అయ్యవారు కిటికీలోంచి బయటికి చూస్తూ "ఐదు" అని రాసుకున్నాడు. ఆ రోజు నేను సాయంత్రం దాకా గోలీలాడాను.

అయినా వెంటనే లేచి నాయన దగ్గరికి పోలేదు. రెండు రోజులు ఊగిసలాడాను. పిల్ల మామూలుదని తేలితే నా రికార్డు చెల్లదు, ఇంకో పిల్లను వెతకాలి, సెలవులు అయిపోవచ్చాయి. నిజం చెబితే నా శాస్త్రం పరువు పోతుంది, నాదీ పోతుంది. హైస్కూలు తెరవడానికి వారం కూడా లేదు. మూడో రోజు పొద్దున చెల్లెలు పప్పు కోసం ఆ సంచిలో చెయ్యి పెట్టడం చూశాను. ఇక ఉండలేకపోయాను.

నాయన అంతా విన్నాడు. "నోటిమాట నాకొద్దు. రాసియ్యి" అన్నాడు.

కాలేజీ చదువు చదివే నేను, పదకొండేళ్లప్పుడు నా చెల్లెలి చెయ్యి లాగినందుకు మా నాయనకు సంజాయిషీ రాసిచ్చాను. ఆయన ఎర్రసిరాతో రెండు మాటలు దిద్ది, "ఇకముందు ఇటువంటి పొరపాటు జరగనీయనని హామీ యిచ్చుకుంటున్నాను" అని చేర్చమన్నాడు. చేర్చాను. కింద మా అమ్మ చేత సాక్షి సంతకం పెట్టించాడు. మొత్తానికి మా అమ్మ సాక్ష్యం చెల్లింది.

"రిజిస్టరు మార్చేదానికి నాకు అధికారం లేదు. పన్నెండు పన్నెండే. అయినా ఈ కాగితముంది కాబట్టి, ఈ ఒక్క యేటికి మాత్రం తాత్కాలికంగా పోనీ" అన్నాడు నాయన.

తాత్కాలికమంటే ఏమిటో తాలూకాఫీసు వాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. స్కూలు ఫైనలు దాకా ప్రతి జూనులోనూ ఆ తాత్కాలికాన్ని ఆయన పొడిగిస్తూ పోయాడు. మా అమ్మ సంచి దులిపి, ఉతికి ఆరేసింది. ప్రొద్దుటూరు బస్సెక్కినప్పుడు కూడా దానికి కందిపప్పు వాసన పోలేదని చెల్లెలు నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

కాలేజీ తెరిచాక లెక్చరరు గారికి సంగతి చెప్పాను. ఆయన రికార్డు తిరగేసి, "ఇంత చక్కగా ఉంటే ఎందుకయ్యా కదిలిస్తావు?" అన్నారు. నేనూ కదిలించలేదు. ఇంట్లో రాసిన సంజాయిషీ కాలేజీలో రాసే ధైర్యం నాకు లేకపోయింది.

మార్చిలో వైవా జరిగింది. కోస్తా నుంచి వచ్చిన ఎగ్జామినరు నా రికార్డు తెరిచి మురిసిపోయారు.

"దస్తూరి అద్భుతం. మీదేనా?"

"కాదు సార్. ఆ పిల్లదే."

"ఏ పిల్ల?"

"రికార్డులో ఉన్న పిల్ల."

ఆయన దస్తూరి చూశారు, ఎనభై మూడు చూశారు, మళ్లీ దస్తూరి చూశారు. చివరి పేజీ తిప్పి నా సలహా చదివారు. "ఇప్పుడేం చేస్తోంది? ఇంటి పనేనా?"

"ప్రొద్దుటూరు హైస్కూల్లో చదువుతాంది సార్. క్లాసులో ఫస్టు."

ఆయన వేలు తడిచేసుకుని ఒక్కొక్క పేజీ వెనక్కి తిప్పుతూ వెతికారు.

"అది ఇందులో ఎక్కడా లేదే?"

"లేదు సార్" అన్నాను.

ఆయన తల పంకించి, మంచి మార్కులే వేశారు.