పెళ్ళికొడుకు వెనకాల మూడోవాడు

చోడవరంలో మాది బట్టల కొట్టు. బట్టల కొట్లో మగాడు చీర కట్టుకుంటే ఎవరూ తిరిగి చూడరు. కట్టుకోవడమంటే పూర్తిగా కాదు. చొక్కా మీదే నాలుగు కుచ్చిళ్ళు పోసి నడుం దగ్గర పట్టుకుని, పైట భుజాన వేసుకుని, పరుపు మీద కూర్చున్న ఆడవాళ్ళకి అటూ ఇటూ తిరిగి చూపించాలి. మా నాన్నకి గుబురు మీసాలు. ఆ మీసాల కింద పైట నిమురుకుంటూ, "ఈ రంగు నీలాటి ఛాయకే నప్పుతాదమ్మా" అంటాడు. బుచ్చయ్యపేట నుంచి వచ్చిన చెరకు రైతులు పెళ్ళాల పక్కన కూర్చుని అదంతా చూస్తారు. చూసి, "ఇంకొంచెం ముదురు రంగు ఏసుకో సావుకారూ" అంటారు తప్ప ఇంకో మాట అనరు.

తొమ్మిదో తరగతి సెలవుల్లో నాకా పని అప్పజెప్పేరు. నా భుజం మీద చీర నాన్న భుజం మీద కన్నా బాగా పడుతుందని మొదటి వారంలోనే తేలిపోయింది. నేను అందగాణ్ణని కాదు. పొడుగు, సన్నం, వెడల్పు భుజాలు. హేంగరుకి కావలసిన లక్షణాలన్నీ దేవుడు నాకిచ్చేడు. ఆ లక్షణాలతోనే తరవాత విశాఖపట్నం వెళ్ళి మోడల్నయ్యేను. పని మారలేదు, ఎదురుగా కూర్చున్నవాళ్ళు మారేరు.

ఒక సంగతి ఇక్కడే చెప్పెయ్యాలి. నేను గే. అది నాకు చిన్నప్పట్నించీ తెలుసు. మిగతా వాళ్ళకి తెలియకుండా ఉంచడానికి చాలా ఓపిక పట్టింది. ఫ్యాషన్ లైన్లోకి వెళ్తే ఆ ఓపిక అక్కర్లేదనుకున్నాను. అక్కడంతా అలాటివాళ్ళే కదా అని లోకం అనుకుంటుంది, నేనూ లోకంలో మనిషినే. వెళ్ళేక తెలిసింది. బట్ట కుట్టేవాడు ఎవరైనా కావచ్చు. రంగు పూసేవాడు, జుట్టు దువ్వేవాడు, నడక నేర్పేవాడు ఎవరైనా కావచ్చు. ఆ బట్ట తొడుక్కుని వెలుతుర్లో నిలబడేవాడు మాత్రం పక్కా మగాడై ఉండాలి. పక్కా అన్నది వాళ్ళ మాటే.

నాకు పనులు కుదిర్చే కోఆర్డినేటరూ నాలాటివాడే. ఆ సంగతి మా ఇద్దరికీ తెలుసు, ఎప్పుడూ పైకి అనుకోలేదు. మొదటి ఆడిషన్ రోజున నన్ను తలుపు దగ్గర ఆపేడు.

"చేతులు జేబుల్లో పెట్టు. గాళ్‌ఫ్రెండ్ ఉందా అంటే ఉందను."

"ఏ ఊరి పిల్లంటే?"

"అనకాపల్లి అను. మరీ దూరం చెప్తే అనుమానం వస్తుంది."

నడక నేర్పే మాస్టారు నడుం మీద చెయ్యి వేసుకుని, "నాలా నడవకు, నేను చెప్పినట్టు నడువు" అన్నాడు. ఒక షోలో తోటి మోడల్ ఒకడు, కండలు తిరిగినవాడు, నా పక్కన బట్టలు మార్చుకోనని పేచీ పెట్టేడు. వాణ్ణి ఎవరూ ఏమీ అనలేదు. నన్ను మెట్ల కింద మార్చుకోమన్నారు. మెట్ల కింద గాలి బాగానే వచ్చేది.

నేను బేరగాళ్ళ ఇంట్లో పుట్టినవాణ్ణి. అవతలి వాడు తగ్గించమంటే ముందు ఏడుపు మొహం పెట్టి, తరవాత తగ్గించి, బేరం నెగ్గేమని లోలోపల నవ్వుకోవడం మాకు తరతరాల అలవాటు. కాబట్టి తగ్గేను. నడకలో ఊపు తగ్గించమన్నారు, తగ్గించేను. గొంతు కాస్త దింపమన్నారు, దింపేను. చెవిపోగు తీసేసేను. అనకాపల్లి గాళ్‌ఫ్రెండుని కాబోయే భార్యని చేసి ఎంగేజ్‌మెంటు కూడా జరిపించేను. కండల మోడల్ ఆవిణ్ణి ఓసారి పార్టీకి తీసుకురమ్మంటే టైఫాయిడ్ తెప్పించేను. పాపం, నాలుగు వారాలు మంచం మీదే ఉంది. ఇస్తూ పోయిన డిస్కౌంటుకి కొట్లో సరుకంతా ఖాళీ అయిపోతున్నా, గల్లా దగ్గర మాత్రం నేను మీసం మెలేస్తూ కూర్చున్నాను.

అలాటి రోజుల్లో విశాఖపట్నంలో ఓ పెద్ద బట్టల షాపు వాళ్ళు పెళ్ళిళ్ళ సీజను హోర్డింగులకి నన్ను పెళ్ళికొడుకుగా తీసుకున్నారు. నేను చేసిన పనుల్లో పెద్దది అదే. ఆ హోర్డింగుల్లో ఒకటి చోడవరంలో, సరిగ్గా మా కొట్టు ఎదురు మేడ మీద పెడతారట. పోటీ షాపు వాడి హోర్డింగు తన గుమ్మం ఎదురుగా ఎప్పుడు లేస్తుందా అని ఎదురుచూసిన బట్టల వ్యాపారి భూమ్మీద మా నాన్న ఒక్కడే అయ్యుంటాడు. పక్క కిరాణా కొట్టాయనతో "మావోడు పెళ్ళికొడుకు" అన్నాడట. ఆయన శుభలేఖ ఏదన్నాడట. ఆ పెద్ద షాపు ఓనరుకి ఇమ్మని నాన్న మాడుగుల హల్వా పేకెట్టు కట్టి నా చేతిలో పెట్టేడు. కొత్త పెళ్ళికొడుక్కి బలమని మా వైపు పెట్టే హల్వా అది.

షూటింగు ఆ షాపు పై అంతస్తులోనే. నేను షేర్వాణీ తొడుక్కుని రెడీగా ఉన్నాను. పెళ్ళికూతురుగా చేసే అమ్మాయి మేకప్ ఇంకా అవలేదు. ఎర్ర పట్టుచీర మీద జరీ లైటుకి ఎలా కొడుతుందో ఫోటోగ్రాఫరు చూసుకోవాలి. "ఎవరైనా ఆ చీర పట్టుకోండయ్యా" అన్నాడు. చీర నా చేతికొచ్చింది.

చేతికొచ్చిన చీరని పట్టుకుని ఊరికే నిలబడటం మా ఇంట్లో ఎవరికీ రాదు. షేర్వాణీ మీదే కుచ్చిళ్ళు పోసి, పైట వేసి, జరీ వెలుతురు వైపు తిప్పి, కాస్త ఒరిగి నిలబడ్డాను. "అంచు చూడండమ్మా" అని కూడా అన్నాననుకుంటాను. అక్కడ అమ్మలెవరూ లేరు.

"లైటు ఓకే" అన్నాడు ఫోటోగ్రాఫరు.

వెనకాల ఎవరో కిసుక్కున నవ్వేరు. షాపు మేనేజరు ఫోనెత్తి ఫోటో తీసుకుని, "నేననుకుంటూనే ఉన్నాను, తేడాగాడని" అన్నాడు పక్కవాడితో, నాకు వినపడేలాగే.

సరిగ్గా ఆ సమయానికే కింద అంతస్తులో ఆ షాపు సేల్స్‌మన్లు, మీసాలతో సహా, వరసగా చీరలు భుజాన వేసుకుని తిరుగుతున్నారు. నాకు బాధకన్నా ముందు చిరాకు వచ్చింది. వాళ్ళు కనిపెట్టింది నిజమే, సాక్ష్యమే తప్పు. తప్పుడు తూకంతో సరైన బరువు తేల్చేరు. అలాటప్పుడు ఏమని దెబ్బలాడాలో మా నాన్న నాకు నేర్పలేదు.

కాసేపటికి ఓనరు తన గదికి రమ్మన్నాడు. పెద్దాయన, మర్యాదస్తుడు. ఆ ఫోటో ఆయన దాకా వచ్చేసిందని మొహం చూస్తేనే తెలిసింది. బల్ల మీద నేనిచ్చిన హల్వా పేకెట్టు విప్పి ఉంది.

"మీ నాన్న పంపేరా? మంచి హల్వా. కూర్చో బాబూ." ఇంకో ముక్క తీసుకున్నాడు. "పెళ్ళికొడుకుగా వేరే కుర్రాణ్ణి పెడదామనుకుంటున్నాం. నువ్వు ఆ పెళ్ళికొడుకు వెనకాల, ఫ్రెండ్స్‌లో నిలబడు. డబ్బులు అవే."

"వెనకాల ఎన్నోవాణ్ణి సార్?"

"మూడోవాడివి."

"రెండోవాణ్ణి చెయ్యండి సార్" అనేసేను. బేరం మొదలైతే నా నోరు నా మాట వినదు.

"సరే, రెండు."

బేరం నెగ్గినందుకు ఒక్క క్షణం నిజంగా సంతోషం వేసింది. తరవాత ఏం నెగ్గేనో అర్థమైంది.

"కింద మీ సేల్స్‌మన్లంతా చీరలు వేసుకునే ఉన్నారు కదా సార్."

"వాళ్ళకి పెళ్ళాలున్నారయ్యా" అన్నాడు ఆయన, నేనేదో చిన్న లెక్క తప్పినట్టు. "నాకు నీ మీద ఏం లేదు. మనది ఫ్యామిలీ షాపు. పెళ్ళికొడుకు బొమ్మ చూస్తే మావాడికీ ఇలాటిదే కొనాలనిపించాలి. ఇలాటి మాట బయటికి పొక్కితే ఎవరు కొంటారు?" కొంచెం ఆలోచించి, గొంతు తగ్గించేడు. "పోనీ ఒక్క మాట చెప్పు. అలాటిదేం లేదని, నీకు సంబంధం కుదిరిందని. మేనేజరుకి నేను సర్దిచెప్పుకుంటాను. పెళ్ళికొడుకువి నువ్వే."

అంత సులువైన బేరం నా జన్మలో రాలేదు. అనకాపల్లి పిల్ల సిద్ధంగానే ఉంది, టైఫాయిడ్ కూడా తగ్గింది. మా కొట్టు గుమ్మంలో నాన్న ఎదురు మేడ వైపు చూస్తూ నిలబడి ఉంటాడు. ఒక్క మాట అంతే. నోరు తెరిచేను.

"నేను అలాటివాణ్ణే సార్" అన్నాను.

ఎందుకన్నానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. ధైర్యమని మాత్రం అనుకోవద్దు. తగ్గించడానికి ఇంకేమీ మిగల్లేదేమో.

ఆయన నమలడం ఆపేడు. "అది నేను అడగలేదు కదయ్యా" అన్నాడు దిగులుగా. హల్వా పేకెట్టు పక్కకి జరిపి, "మరి రెండోవాడు?" అన్నాడు.

"వద్దు సార్."

షేర్వాణీ విప్పి, మడతలు సరిగ్గా పెట్టి ఇచ్చేసేను. హల్వా వెనక్కి అడుగుదామనుకున్నాను గాని అప్పటికే సగం పైన అయిపోయింది. కోఆర్డినేటరు రాత్రి ఫోన్ చేసి, ఇక మీదట నాకు పనులు కుదరడం కష్టమన్నాడు. అంటున్నప్పుడు వాడి గొంతు, నన్ను దింపమన్నట్టే, ఒక మెట్టు కిందే ఉంది.

నాన్నకి నేనేమీ చెప్పలేదు. హోర్డింగే చెప్తుందిలే అనుకున్నాను. పెళ్ళిళ్ళు మొదలయ్యేసరికి అది లేచింది. ఆ వారం బస్సు దిగి కొట్టుకి వెళ్ళేను. నాన్న చీరలు మడత పెడుతున్నాడు.

"ఆ బొమ్మలోది నువ్వు కాదు" అన్నాడు.

"కాదు."

"ఎనకాల కూడా లేవు. కళ్ళజోడెట్టుకుని మరీ సూసేను. ఏటయింది?"

ఏదో కథ చెబుదామని వెతికేను. కథలన్నీ విశాఖపట్నంలోనే వాడేసేను.

"నేను ఆడపిల్లని పెళ్ళి చేసుకునేవాణ్ణి కాదని వాళ్ళకి తెలిసిపోయింది నాన్నా. నాకు మగవాళ్ళంటేనే ఇష్టం."

ఆయన చేతులు ఆగలేదు. అంచుకి అంచు కలిపేడు.

"ఎవుడు సెప్పేడు ఆళ్ళకి?"

"నేనే."

"అడక్కండానా?"

"అడిగినట్టే."

"అడిగితే సెప్పీడమేనేటి?" అప్పుడు తలెత్తేడు. "కొన్న ధర ఎవుడికేనా సెప్తామేటిరా? ఇన్నేళ్ళు నా కొట్లో ఏటి నేర్సుకున్నావు?"

నేను సిద్ధపడి వచ్చిన తిట్లలో అది లేదు. ఆయనకి ఎప్పట్నించి తెలుసని నేను అడగలేదు. అడిగినా చెప్పే మనిషి కాదు.

అంతలో చీడికాడ నుంచి వచ్చిన పెద్దావిడ ఒకామె చెప్పులు విడిచి పరుపు మీద కూర్చుంది. "సావుకారూ, ఆ బొమ్మలో పిల్ల కట్టింది సూడు, అలాటి ఎర్రది ఉందేటి?"

"దానికన్నా మంచిది ఉందమ్మా" అని నాన్న ఓ చీర లాగి నా వైపు విసిరేడు.

కుచ్చిళ్ళు పోసి పైట వేసుకున్నాను.

"ఇటు తిరుగు బాబూ" అందావిడ. తిరిగేను. చీరని చూసింది, నన్ను చూసింది. "సక్కగున్నాడు గుంటడు. నీ కొడుకేనా? పెళ్ళయ్యిందేటి? మా ఆడపడుసుకి పిల్లుంది."

ఈ ప్రశ్న మా కొట్లో కొత్త కాదు. దీనికి నాన్న దగ్గర ఎప్పుడూ ఉండే జవాబు, "సూస్తన్నాం తల్లీ" అని. ఆ జవాబు విన్నాక వచ్చిన వాళ్ళు పెద్దగా బేరమాడరు. కాబోయే వియ్యాలవారి దగ్గర ఏం బాగుంటుంది? ఆ ఒక్క మాటతో మేం చాలా చీరలే అమ్మేం.

నాన్న లేచి, నా భుజం మీద పైట సరిచేసేడు. అది సరిగ్గానే ఉంది.

"అవలేదమ్మా" అన్నాడు. "అవదు. సీర సూడు."

ఆవిడ మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది.

"మరైతే ధర తగ్గించు" అంది.

"కుదరదమ్మా" అన్నాడు నాన్న.